తాతయ్య మళ్ళీ ఎప్పుడొస్తాడు? చావు గురించి చిన్నపిల్లలకు చెప్పే బొమ్మల పుస్తకాలు

తెలుగిళ్లలో పిల్లలు మొట్టమొదట వినే కథల్లో ఏడు చేపల కథ ఒకటి. అందులో మాట్లాడేది చచ్చిన చేప. పట్టి తెచ్చి ఎండలో వేసిన చేపను ఎందుకెండలేదని అడిగితే, అది నింపాదిగా తప్పంతా గడ్డిమోపు మీదికి నెట్టేస్తుంది. మూడేళ్ల పిల్లకు ఇందులో వింతేమీ కనబడదు. అదే పిల్ల ఆరేడేళ్లకొచ్చాక, వందోసారి వింటున్నప్పుడు, "చచ్చిపోయింది కదా, ఎలా మాట్లాడుతుంది?" అని కథకు అడ్డు తగులుతుంది. ఈ రెండు వయసుల మధ్య పిల్లల బుర్రలో చాలా పెద్ద పని జరుగుతుంది. ఇంట్లో ఎవరూ చనిపోకపోతే అది దానంతట అదే, ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది. మధ్యలో తాతయ్యో నానమ్మో పోతే మాత్రం పిల్లలకు ఆ పనిలో సాయం కావాలి. ఆ సాయానికి బొమ్మల పుస్తకం ఎందుకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నదే ఇక్కడ చూడబోతున్నాం.

మన దగ్గర చావు కథలు లేవని కాదు, కావలసినన్ని ఉన్నాయి. కాకపోతే వాటన్నిటిలోనూ చావు ఓడిపోతుంది. మార్కండేయుడు శివలింగాన్ని కౌగిలించుకుంటే యముడు వట్టి చేతులతో తిరిగిపోయాడు. సావిత్రి మాటల్లో పెట్టి మొగుణ్ణి వెనక్కి తెచ్చుకుంది. నచికేతుడు యముడి గుమ్మం దాకా వెళ్లి క్షేమంగా ఇల్లు చేరాడు. వీటన్నిటికన్నా పసిపిల్లల మనసుకు దగ్గరగా వచ్చేది ఆవు–పులి కథ. 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పింది. పులికి మాటిచ్చి ఇంటికొచ్చిన ఆవు ఆఖరిసారి పాలిచ్చి, తను లేకపోతే ఎలా బతకాలో దూడకు చెబుతుంది. తల్లిలేని బిడ్డ గడ్డిపరక కన్నా, దూది కన్నా, ఎగిరే ధూళి కన్నా చులకన అని మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. ఆరువందల ఏళ్ల కిందటి ఆ తల్లికి ఉన్న ధైర్యం ఇప్పటి తల్లిదండ్రుల్లో సగం మందికి లేదు. అయితే అక్కడా పులి మనసు కరుగుతుంది, తల్లి తిరిగొస్తుంది.

ఈ కథలు చెడ్డవని అనను. మరి మొన్ననే నానమ్మ పోయిన పిల్లాడికి సావిత్రి కథ చెప్పి చూడండి. "అయితే మనం కూడా యముణ్ణి అడుగుదాం" అంటాడు. వాడి లెక్కలో తప్పేముంది? వాడికి ఇప్పుడు కావలసింది చావు గెలిచిన కథ. చనిపోయినవాళ్లు ఆఖరి పేజీలోనూ తిరిగి రాని కథ. మంచి బొమ్మల పుస్తకం ఇచ్చేది అదే.

పిల్లలకు అది నాలుగు సంగతులు

చావంటే ఏమిటో పిల్లలను అడిగి తెలుసుకున్న తొలి పెద్ద పరిశోధనల్లో ఒకటి బుడాపెస్ట్‌లో జరిగింది. మరియా నాగీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మూడేళ్ల నుంచి పదేళ్ల దాకా వయసున్న 378 మంది పిల్లలతో మాట్లాడి, పెద్దపిల్లల చేత రాయించి, బొమ్మలు వేయించి, 1948లో ప్రచురించారు. అయిదేళ్ల లోపు వాళ్లకు చావంటే ఒక ప్రయాణం, లేదా ఒకరకం నిద్ర. చనిపోయిన మనిషి ఎక్కడో ఉన్నాడు, కాస్త తక్కువగా బతుకుతున్నాడు, అంతే. అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో చాలామంది చావును ఒక మనిషిగా చూశారు. రాత్రిపూట వచ్చి పట్టుకుపోయేవాడు, పరుగెత్తితే తప్పించుకోవచ్చు. తర్వాత వేరే దేశాల్లో చేసిన పరిశోధనల్లో ఈ "చావు మనిషి" అంతగా కనబడలేదు. యముడు, దున్నపోతు, పాశం బొమ్మలతో సహా తెలిసిన మన పిల్లలను అడిగితే ఏం చెబుతారో ఊహించడం కష్టం కాదు.

1984లో స్పీస్, బ్రెంట్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ ముందేసుకుని, పెద్దవాళ్లు "చావు" అనే ఒక్క మాటలో చుట్టేసేది నిజానికి వేరువేరు సంగతుల మూట అని విడదీసి చూపారు. చనిపోతే తిరిగి రారు. చనిపోయిన శరీరం ఏ పనీ చెయ్యదు. ప్రాణమున్న ప్రతిదీ చనిపోతుంది. చాలామంది పిల్లలకు ఈ మూడూ అయిదు నుంచి ఏడేళ్ల మధ్య అర్థమవుతాయి. తర్వాతి పరిశోధకులు నాలుగోది చేర్చారు: చావుకు శరీరంలో ఒక కారణం ఉంటుంది.

ఈ నాలుగూ ఒకేసారి రావు, చిక్కంతా అక్కడే. నాలుగేళ్ల పిల్లాడు వీధిలో కనిపించిన ప్రతివాళ్లకూ "మా తాతయ్య చచ్చిపోయాడు" అని చాటింపు వేస్తాడు. సాయంత్రం అన్నాలప్పుడు తాతయ్య కంచం కూడా పెట్టమంటాడు. చూసినవాళ్లు ఒకసారి వీడికి గుండె లేదనుకుంటారు, ఇంకోసారి వీడికి ఏమీ తెలియదనుకుంటారు. నిజానికి తాతయ్య చనిపోయాడన్న సంగతి వాడికి తెలుసు. తిరిగి రాడన్నదే ఇంకా చేరలేదు.

శరీరం పనిచెయ్యడం ఆగిపోతుందనే రెండో సంగతి మన ఇళ్లలో అన్నిటికన్నా కీలకం. ఐస్ బాక్సులో పడుకోబెట్టిన తాతయ్యను చూసి "చలేస్తుంది, దుప్పటి కప్పండి" అనే పిల్ల ఉంటుంది. ఆ పిల్లకు దహనం గురించి చెబితే ఏమవుతుందో ఆలోచించండి. పేరున్న పాశ్చాత్య బొమ్మల పుస్తకాల్లో ఎక్కువ భాగం తోటలో, చెట్టు కింద పూడ్చిపెట్టడంతో ముగుస్తాయి. మట్టి, పూలు, ఒక రాయి. పూడ్చే ఆచారమున్న ఇళ్లలో అది సరిపోతుంది. కాల్చే ఇళ్లలో అసలు ప్రశ్న నిప్పు: "కాలదా? నొప్పి పుట్టదా?" దీనికి ముందూ వెనకా చూసుకుని జవాబు చెప్పాలి. తాతయ్య శరీరానికి ఇప్పుడు చలి తెలియదు, ఆకలి తెలియదు, నొప్పి తెలియదు అన్నది ముందు గట్టిగా నాటుకోవాలి. నిప్పు మాట ఆ తర్వాతే. వరస తప్పితే ఆ పిల్లకు నెలల తరబడి పీడకలలే.

ఆ సంగతి నాటడానికి చావు గురించిన పుస్తకమే అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో వర్జీనియా స్లాటర్, మిషెల్ లయన్స్ అనే పరిశోధకులు 2003లో ఒక పని చేశారు. బడికి వెళ్లే వయసింకా రాని పిల్లలకు గుండె ఎందుకు కొట్టుకుంటుంది, ఊపిరితిత్తులు ఏం చేస్తాయి, తిన్నది ఎక్కడికి పోతుంది అని నేర్పారు. అది నేర్చుకున్న పిల్లలు చావును కూడా మెరుగ్గా అర్థం చేసుకున్నారు. బతకడమంటే శరీరం చేసే పని అని తెలిస్తే, ఆ పని ఆగిపోవడమంటే ఏమిటో దానంతట అదే తెలుస్తుంది. పిల్లల చెవిని అమ్మ గుండె మీద పెట్టించి ఆ చప్పుడు వినిపించే బొమ్మల పుస్తకం ఏదైనా ఇంట్లో ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఊరెళ్లిన తాతయ్య

పెద్దవాళ్లు ఏం చెబుతారు? "దేవుడి దగ్గరికి వెళ్లాడు." "చుక్కయ్యాడు." "ఊరెళ్లాడు, వస్తాడులే." "బజ్జున్నాడు, లేపకు." నొప్పి తగలకూడదనే ఈ మాటలు చెబుతారు. పిల్లలు మాత్రం విన్నదాన్ని విన్నట్టే తీసుకుంటారు. ఊరెళ్లినవాడు నాకు చెప్పకుండా ఎందుకెళ్లాడని అలుగుతారు. నాన్న ఆఫీసు పని మీద ఊరికి బయల్దేరితే గేటు దగ్గర కాళ్లు పట్టుకుని ఏడుస్తారు. నిద్రపోయి లేవలేదని విన్న పిల్ల రాత్రి కళ్లు మూయడానికి భయపడుతుంది. దేవుడికి మంచివాళ్లంటే ఇష్టం, అందుకే తీసుకెళ్లాడని చెబితే, మంచిగా ఉండడం ప్రమాదం అనుకుంటుంది. నవ్వొచ్చే మాటే, కానీ ఆ పిల్ల తర్కం పక్కాగా ఉంది.

ఇంకో సంగతి మన ఇళ్లకు ప్రత్యేకం. రోజుకు పదిసార్లు "నన్ను చంపుకు తింటున్నావు", "నీ వల్లే నాకు బీపీ", "నా ప్రాణం తీస్తున్నావు" అంటాం. అలా అన్న నానమ్మ నిజంగానే పోతే, ఆ మనవరాలు లోపల్లోపల కట్టే లెక్క ఎవరికీ వినబడదు. అయిదారేళ్ల వయసులో మనసులో అనుకున్నదీ, నోటితో అన్నదీ బయట జరిగినదానికి కారణమైపోతుందని నమ్మడం మామూలే. నచికేతుడి కథ మొదలయ్యేదే ఇలా. తండ్రి విసుక్కుని నిన్ను యముడికిచ్చేస్తాను పో అంటే, కొడుకు నిజంగానే బయల్దేరాడు. అక్కడికి వెళ్లాక చచ్చిపోతే ఏమవుతుందని అడిగితే యముడు ఏం చేశాడు? ఏనుగులిస్తాను, గుర్రాలిస్తాను, బంగారమిస్తాను, అది మాత్రం అడక్కన్నాడు. మన ఇళ్లలో ఏనుగుల బదులు ఫోన్ ఇస్తాం, అంతే తేడా.

దాచితే దాగుతుందా అంటే దాగదు. మైరా బ్లూబాండ్–లాంగ్నర్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త 1970ల్లో లుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో ఆస్పత్రిలో ఉన్న మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల మధ్య గడిపి, 1978లో పుస్తకం రాశారు. తమ జబ్బు ఎక్కడికి దారి తీస్తుందో ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. అయినా వాళ్లకు తెలుసు. నర్సుల ముఖాలు చూసి, పక్క మంచం ఖాళీ అవడం చూసి, తమలో తాము మాట్లాడుకుని తెలుసుకున్నారు. తెలిసిందంటే పెద్దవాళ్లు బాధపడతారని, తమకేమీ తెలియనట్టు నటించారు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా భయంకరంగా తోచింది ఆ నటనే.

బొమ్మ ఏం చేస్తుంది?

నేరుగా మాట్లాడితే చాలదా, పుస్తకం ఎందుకు? మాట్లాడగలిగితే చాలు. కానీ ఇంట్లో చావు జరిగినప్పుడు మాట్లాడాల్సిన మనిషికి గొంతు పెగలదు. పుస్తకంలో ఆ వాక్యం ఇంకొకరు ముందే రాసిపెట్టారు, మనం చదివితే చాలు. పిల్లలు మన ముఖం చూడక్కర్లేకుండా ఇద్దరూ ఒకే వైపు, బొమ్మ వైపు చూడొచ్చు. భయమేస్తే పేజీ తిప్పెయ్యొచ్చు, కావాలంటే వెనక్కి రావచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, రేపు మళ్లీ అదే పుస్తకం చదవమనొచ్చు. అదే ప్రశ్న పదోసారి అడిగితే అమ్మకు విసుగొస్తుంది గానీ, అదే పుస్తకం పదోసారి అడిగితే ఎవరూ వింత పడరు.

మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాసిన "చచ్చిపోయిన పిట్ట" చూడండి. రెమీ చార్లిప్ బొమ్మలతో 1958లో పుస్తకంగా వచ్చింది. కొందరు పిల్లలకు ఒక పిట్ట దొరుకుతుంది. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది, కానీ గుండె కొట్టుకోవడం లేదు. చూస్తుండగానే చల్లబడుతుంది, బిగుసుకుపోతుంది. పైన చెప్పిన రెండో సంగతి, శరీరం ఆగిపోవడం, ఇక్కడ పాఠంలా కాక వేలికొసలకు తగిలేలా ఉంది. పిల్లలు దాన్ని అడవిలో పూడ్చి, పెద్దవాళ్లు చేసినట్టే పాట పాడతారు, ఏడుస్తారు. ఏడవడంలో కాస్త సంబరం కూడా ఉంది, పెద్దల పని చేస్తున్నామని. ఆ తర్వాత రోజూ వచ్చి పూలు పెట్టారు, మర్చిపోయేదాకా. "మర్చిపోయేదాకా" అన్నమాటను ఈ రోజుల్లో ఏ సంపాదకుడైనా కొట్టేస్తాడేమో. ఎప్పటికీ గుర్తుంచుకుంటామనే మాటతో ముగించడం తేలిక. మర్చిపోవడం కూడా తప్పు కాదని పిల్లలకు చెప్పడానికి ధైర్యం కావాలి. పెద్దకర్మ భోజనాల మధ్య పిల్లలు నవ్వుతూ ఆడుకుంటుంటే కసురుకునే బంధువులకు ఆ ఒక్క వాక్యం చదివి వినిపించాలనిపిస్తుంది.

జర్మన్ చిత్రకారుడు వోల్ఫ్ ఎర్ల్‌బ్రుఖ్ 2007లో తెచ్చిన "బాతు, చావు, తులిప్ పువ్వు" దీనికి పూర్తిగా వేరే దారి. అందులో చావు ఒక పాత్ర. పుర్రె తల, గళ్ల కోటు, చేతిలో వీపు వెనక దాచిన తులిప్ పువ్వు. బాతు వెనక్కి తిరిగి, ఎన్నాళ్లుగా నా వెంట పడుతున్నావని అడుగుతుంది. నీ జీవితమంతా నీ పక్కనే ఉన్నానంటాడు చావు. ఇద్దరూ చెరువుకు వెళతారు. తడికి చావుకు చలేస్తే బాతు వాణ్ణి వెచ్చబెడుతుంది! చలికాలంలో మంచు కురిసిన రాత్రి బాతు కదలడం మానేస్తుంది. చావు దాన్ని ఎత్తుకుని పెద్ద నది దగ్గరికి తీసుకెళ్లి నీళ్ల మీద పడుకోబెట్టి, పువ్వు మీద పెట్టి, మెల్లగా తోస్తాడు. స్వర్గం ఉందా లేదా అన్న ప్రశ్న కథలో వస్తుంది, బాతులు చెప్పుకునే మాటగా వస్తుంది, తేలకుండానే పోతుంది. పుర్రెను చూసి పెద్దవాళ్లు జడుసుకుంటారు. నాగీతో మాట్లాడిన బుడాపెస్ట్ పిల్లలకైతే ఆయన పాత పరిచయస్తుడే. అయినా ఇప్పుడే ఇంట్లో చావు జరిగిన నాలుగేళ్ల పిల్లకు ఈ పుస్తకం నేను ఇవ్వను. రాత్రి ఎవరో వెంట వస్తున్నారన్న భయం ఆ వయసులో ఊరికే పోదు. ఏడేళ్లు దాటినవాళ్లకు దీని కన్నా మంచిది నాకు తెలియదు.

ఇంగ్లండ్ రచయిత మైకేల్ రోజెన్ కొడుకు 18 ఏళ్ల వయసులో, 1999లో మెనింజైటిస్‌తో చనిపోయాడు. 2004లో ఆయన క్వెంటిన్ బ్లేక్ బొమ్మలతో తన దిగులు గురించి ఒక పుస్తకం తెచ్చారు. మొదటి పేజీలో ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటాడు. కింద మాటలు ఇది నేను దిగులుగా ఉన్నప్పటి బొమ్మ అంటాయి. బొమ్మ ఒకటి చెప్పి మాట ఇంకొకటి చెప్పడం ఈ కళ ప్రత్యేకత. అమ్మ వంటింట్లో మామూలుగానే ఉంది కానీ ఏదో తేడాగా ఉంది అని గమనించిన పిల్లకు ఆ పేజీ ఒక ఊరట. తను చూసింది నిజమేనన్నమాట.

ఇక నాకు నచ్చనివి. ఎండుటాకు రాలింది, వసంతంలో కొత్త చిగురొచ్చింది అంటూ సాగే పుస్తకాలు చాలా ఉన్నాయి. పెద్దవాళ్లకు కళ్లు చెమ్మగిల్లుతాయి. పిల్లలకు దొరికే అర్థం: మళ్లీ వస్తుంది. సీతాకోకచిలుకైన అమ్మమ్మ, చుక్కైన నాన్న కూడా అంతే. బొమ్మ ఎంత అందంగా ఉంటే ఆ అపార్థం అంత గట్టిగా నిలుస్తుంది. పుస్తకం కొనేముందు చూడాల్సింది ఒక్కటే. "చనిపోయాడు" అన్న మాట ఎక్కడైనా ఉందా, లేక పేజీలన్నీ ఆ మాట చుట్టూ తిరుగుతున్నాయా?

కాకి ముట్టిన పిండం

మరి ఆత్మ మాట ఏమిటి? దేవుడు, పునర్జన్మ, పరలోకం? గుండె ఆగిపోయింది, ఇక రాడు అని చెప్పి, పదకొండో రోజున గోడ మీద పిండం పెట్టి తాతయ్య కాకిలా వచ్చాడంటే పిల్లలు అయోమయంలో పడరా?

2005లో పాల్ హ్యారిస్, మార్తా హిమేనెస్ మాడ్రిడ్ పిల్లలతో చేసిన అధ్యయనం దీనికి కొంత జవాబిస్తుంది. ఏడేళ్ల, పదకొండేళ్ల పిల్లలకు తాతయ్యో నానమ్మో చనిపోయిన కథలు రెండు చెప్పారు. ఒక కథలో డాక్టరు మాట్లాడతాడు, ఇంకోదానిలో చర్చి ఫాదర్. తర్వాత, చనిపోయిన మనిషి కళ్లు పనిచేస్తాయా, ఇంకా ఆలోచిస్తాడా అని అడిగారు. డాక్టరు కథ విన్నప్పుడు అన్నీ ఆగిపోతాయని ఎక్కువగా చెప్పారు. ఫాదర్ కథ విన్నప్పుడు కొన్ని కొనసాగుతాయన్నారు. పెద్దపిల్లల్లో ఈ రెండో రకం జవాబు ఎక్కువ, తక్కువ కాదు. అంటే జీవశాస్త్రం వచ్చి నమ్మకాన్ని తరిమెయ్యడం లేదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, సందర్భాన్ని బట్టి ఒకటి ముందుకొస్తుంది. మనమూ అంతేగా. మరణ ధ్రువపత్రం కోసం ఉదయం మున్సిపాలిటీ ఆఫీసులో నిలబడిన మనిషే మధ్యాహ్నం కాకి కోసం డాబా మీద ఎదురుచూస్తాడు.

కాబట్టి నమ్మేవాళ్లు నమ్మకాన్ని దాచుకోనక్కర్లేదు. చెప్పే వరస మాత్రం చూసుకోవాలి. శరీరం ముందు, నమ్మకం తర్వాత. "తాతయ్య శరీరం ఇక పనిచెయ్యదు, తిరిగి రాడు. మన ఇంట్లో వాళ్లం తాతయ్య ఆత్మ దేవుడి దగ్గర ఉందని నమ్ముతాం" అంటే ఏది తెలిసినది, ఏది నమ్మేది అన్న గీత పిల్లలకు కనబడుతుంది. జూడిత్ వియోర్స్ట్ 1971లో పిల్లి చనిపోయిన పిల్లాడి గురించి రాసిన పుస్తకంలో తండ్రి ఇదే చేస్తాడు. పిల్లి స్వర్గంలో ఉందని పక్కింటి పిల్ల, మట్టిలో ఉందని పిల్లాడు వాదించుకుంటే, స్వర్గం గురించి మనకు కచ్చితంగా తెలియదని ఇద్దరికీ ఒప్పుకుంటాడు. తర్వాత పిల్లాణ్ణి తోటలోకి తీసుకెళ్లి విత్తనాలు నాటిస్తూ మట్టి ఏం చేస్తుందో చెబుతాడు. మొక్కలకు బలమివ్వడం పిల్లికి మంచి ఉద్యోగమేనని పిల్లాడు తేల్చుకుంటాడు.

చదివే పద్ధతి గురించి రెండు మాటలు

శవం ఇంట్లో ఉన్న రోజున పుస్తకం తీయకండి. ఆ రోజు పిల్లలకు కావలసింది ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇప్పుడు ఏం జరగబోతోందో ముందే చెప్పే ఒక మనిషి: చాలామంది వస్తారు, గట్టిగా ఏడుస్తారు, డప్పులు మోగుతాయి, తాతయ్యను పాడె మీద తీసుకెళతారు. పక్కింటికి పంపేసి, తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ చేసి పెట్టడం మన దగ్గర మామూలు. ఆ ఖాళీని పిల్లలు తమకు తోచినట్టు నింపుకుంటారు. చివరిచూపు చూస్తావా అని అడగండి, వద్దంటే బలవంతపెట్టకండి.

పుస్తకం నిజానికి చావు రాకముందే ఇంట్లో ఉండాలి. చీమ చచ్చినప్పుడు, కోడిపిల్లను పిల్లి ఎత్తుకెళ్లినప్పుడు తీసి చదివినది, ఇంట్లో మనిషి పోయినప్పుడు కొత్తగా అనిపించదు. చదువుతుంటే ఏడుపొస్తే ఏడవండి. తాతయ్య గుర్తొచ్చి ఏడుస్తున్నా, నీ మీద కోపమొచ్చి కాదు అని చెబితే చాలు. మధ్యలో లేచి బండి బొమ్మతో ఆడుకోవడానికి పోతే వెనక్కి పిలవకండి. పసివాళ్ల దుఃఖం కొంచెం కొంచెంగా వచ్చి పోతుంది. నెలలు గడిచినా తిండి, నిద్ర, ఆట మళ్లీ దారిలో పడకపోతే మాత్రం అది పుస్తకంతో తీరేది కాదు, పిల్లల మానసిక వైద్యులకు చూపించాలి.

తెలుగులో ఏముంది?

చాలా తక్కువ. పిల్లల పుస్తకాలు తెచ్చే మంచి పుస్తకం, తూలిక లాంటి ప్రచురణ సంస్థలు ఉన్నాయి గానీ, చావు పేరు చెబితే కొనే తల్లిదండ్రులు వెనకాడతారు. 2015లో ప్రథమ్ బుక్స్ మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో పిల్లల కథలను ఎవరైనా తెలుగులోకి మార్చి, ఉచితంగా పంచుకునే వీలుంది. దుకాణంలో దొరకనప్పుడు ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత నోటుపుస్తకం, నాలుగైదు ఫోటోలు, పిల్లలు వేసే బొమ్మలు చాలు. మాటలు ఇంత సాదాగా ఉంటే మంచిది:

తాతయ్య రోజూ పొద్దున్నే పాలపేకెట్టు తెచ్చేవాడు.
తాతయ్య గుండెకు పెద్ద జబ్బు చేసింది. డాక్టర్లు మందులిచ్చారు. తగ్గలేదు.
తాతయ్య గుండె ఆగిపోయింది. తాతయ్య చనిపోయాడు.
తాతయ్యకు ఇప్పుడు ఆకలి లేదు, చలి లేదు, నొప్పి లేదు.
ఎవరూ ఏదో అన్నందుకు తాతయ్య చనిపోలేదు. నేను అల్లరి చేసినందుకు చనిపోలేదు.
తాతయ్య తిరిగి రాడు. ఇప్పుడు పాలపేకెట్టు నాన్న తెస్తున్నాడు.

అయిదో వాక్యం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. పిల్లలు అడగకపోయినా ఉండాలి, అడగరు కూడా. ఆరోదానిలో నాన్న పాలపేకెట్టు తేవడం చిన్న సంగతిలా కనబడుతుంది. "మరి నన్నెవరు చూసుకుంటారు" అన్నది పిల్లల మనసులో మొదట లేచే ప్రశ్నల్లో ఒకటి. దానికి జవాబు అక్కడుంది.

డాలస్‌లోనో సిడ్నీలోనో పెరిగే తెలుగు పిల్లలకు ఇంకో పేజీ కావాలి. వాళ్లకు తాతయ్య అంటే ఆదివారం ఉదయం ఫోన్ తెరలో కనిపించే ముఖం. తాతయ్య పోయినా ఫోన్ అలాగే ఉంది, ఆ పేరు అలాగే ఉంది, నొక్కితే మోగుతుంది కూడా. ముందూ ఇప్పుడూ ముట్టుకోలేదు కాబట్టి, ఏం మారిందో వాళ్లకు కనబడదు. అమ్మ ఒక్కతే హడావుడిగా విమానమెక్కి, పదిహేను రోజుల తర్వాత కళ్లు ఉబ్బి తిరిగొస్తుంది. ఫోన్ చేసినా తాతయ్య ఎత్తడు, ఎందుకంటే చేతులు, చెవులు, గొంతు ఏవీ ఇక పనిచెయ్యవు అని చెప్పే పేజీ ఏ ఇంగ్లిష్ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. చితిని బొమ్మగా వేసిన తెలుగు పుస్తకమూ కనబడలేదు. శ్మశానానికి తీసుకెళ్లక ఇంటి దగ్గరే ఉండిపోయిన ఆడపిల్ల, నాన్న గుండు చేయించుకుని వస్తే గుర్తుపట్టలేక జడుసుకున్న పిల్లాడు, నానమ్మ బొట్టు, గాజులు తీయించడాన్ని తలుపు సందులోంచి చూసిన మనవరాలు, వీళ్లకు కూడా పుస్తకాలు కావాలి. ఆ పుస్తకాలు జర్మనీ నుంచో అమెరికా నుంచో రావు.